గచ్చు మీద నీళ్లు లేవు

పాత బిల్డింగులో నేల అద్దంలా మెరిసేది.
పొద్దునా సాయంత్రం ఫినాయిలు పోసి
నేనే తుడిచేదాన్ని.
చెంగమ్మవ్వ గది గుమ్మంలో ఆగి
కుచ్చెళ్లు మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకునేది.
"ఏరొచ్చింది మే, ఎట్టా దాటేది?"
రిజిస్టర్లో రాశాము:
నడవడానికి ఒప్పుకోవడం లేదు.

అంతే రాశాము.

గోడ సున్నం గోళ్లతో గీరి పొరలు లేపుతోందని
చేతులకి గుడ్డ సంచులు కట్టాము.
తెల్లార్లూ ఆ సంచుల్లో వేళ్లు మెదిలేవి,
గోతాంలో వేసిన కంజుపిట్టల్లా.
అదీ రాశాము.

ఈ ఇంటికొచ్చి పది నెలలు.
గూడూరులో రైలుగేటు అవతల
జామచెట్టున్న పెంకుటిల్లు.
వాళ్లు ఐదుగురు, నేను, వంటకి ఖాదర్‌బీ.
నేల పాత ఎర్రగచ్చు, మెరుపు చచ్చింది.
మొదటిరోజు అవ్వ కాలి బొటనవేలితో తాకి చూసి
కుచ్చెళ్లు వదిలేసింది.

బాత్రూము తలుపుకి పసుపు రంగు కొట్టించాం,
నిద్రకళ్లకి కూడా దొరకాలని.
అద్దం మీద తువ్వాలు కప్పాం,
లోపలి ముసిల్ది తన రవిక తొడుక్కుందని రోజూ పోట్లాట.
గుమ్మంలో నల్లపట్టా తీసేశాం,
అది బావనుకొని శేషారెడ్డి సారు దాటడు.
ఇవేవీ మాకు చదువులో రాలేదు.
తిట్లు తిని, ఒకసారి కొరికించుకొని నేర్చుకున్నాం.

వంటింటికి తలుపు లేదు.
మామిడికాయ వేసి ఖాదర్‌బీ చేపల పులుసు కాచిన రోజు
మూడు నెలలుగా మూలనున్న సారు లేచొచ్చి
పీట ఎక్కడని అడిగాడు.
పీట లేదు. పరిగెత్తి పక్కింట్లో తెచ్చాను.

అవ్వ మాత్రం ఉల్లిగడ్డల బుట్ట ముందు కూచుంది.
ఒక్కో గడ్డా పొరపొరా విప్పి
ప్రతి పొరనీ ఎండకెత్తి చూసి
మూడు కుప్పలు పోసింది.
"నా పులుసుగడ్డలన్నీ పాయె!" అని ఖాదర్‌బీ గోల.
నేను చేతుల్నే చూస్తా ఉండా.
ఆ చేతులు ఏమీ మర్చిపోలేదు.

ఆదివారం ఆమె చెల్లెలి మనవడొచ్చి చెప్పాడు,
సైదాపురం షెడ్లో ముప్ఫై రెండేళ్లు
కాకిబంగారం చీల్చిందని.
సున్నం ఎందుకు గీరిందో అప్పుడు తెలిసి
నాకు అన్నం దిగలేదు.

వాడే ఒక గోతాం తుక్కు తెచ్చిచ్చాడు.
కత్తి ఇవ్వడానికి భయం, చెంచా ఇచ్చాను.
చెంచాని చూసింది, నన్ను చూసింది,
పక్కన పెట్టి బొటనవేలి గోరు దూర్చింది.
చప్పుడు లేకుండా పొర లేచింది.
ఎండలో పట్టుకుంది. ముఖం మీద తెల్లటి వెలుగు ఆడింది.
"మచ్చుంది. రెండో రకం."

కుదిరిందనుకోకండి అంతా.
పోయిన నెల మొగుడి పేరు పోయింది.
రాత్రి మూడింటి బండి కూత వేస్తే
అమ్మా అని లేచి, గేటు పట్టుకొని, ఇంటికి పోవాలంటుంది.
ఇదేగా ఇల్లంటే అబద్ధం.
తెల్లారి పోదామన్నా అబద్ధమే.
"ఇంత తిని పోదాం అవ్వా" అంటాను.
మజ్జిగన్నం కలుపుతాను, తింటుంది.
తిన్నాక ఒక్కోసారి అడగదు.
ఒక్కోసారి చెయ్యి కడుక్కొని మళ్లీ గేటు దగ్గరికే.
నేనూ పక్కన నిలబడతాను.
జంక్షన్ వైపు లైట్లు చూస్తాం ఇద్దరం.

నా పేరు ఆమెకి రాదు.
షెడ్లో కొత్తగా చేరిన పిల్లని నేను.
పొద్దున చెయ్యి పట్టుకొని వేళ్లు తిప్పి చూసింది.
"గోరు పెంచు మే.
గోరు లేని పిల్లకి సగం కూలే."

నిన్న గోళ్లు తీసుకుంటా
కుడి బొటనవేలు దగ్గర ఆగిపోయాను.